ఆడబిడ్డ ఎక్కాల్సిన జీపు

బాలరాజుకు పాత యంత్రాలంటే పిచ్చి. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఇనుమును తిప్పి చెక్కే లేతు మీద పనిచేసే టర్నరు. వారమంతా ఇనుముతో కుస్తీ పట్టినవాడు ఆదివారమైనా చల్లగా కూర్చోవచ్చు కదా, కూర్చోడు. మొదట పాత ఇనుప సామాన్ల దుకాణం నుంచి ఒక రేడియో తెచ్చి పాడించాడు. తరువాత ఎవరో మూలన పడేసిన కుట్టుమిషను, ఆ తరువాత రాజ్‌దూత్ మోటారుసైకిలు. "పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నట్టుంది నీ కథ" అని భార్య పూర్ణిమ నవ్వేది. ఈ ఎండాకాలం పోలీసులు పాత బండ్లు వేలం వేస్తే, పోయి ఏకంగా జీపు పాడుకొచ్చాడు. ఆ రోజు మాత్రం ఆమె నవ్వలేదు. నాలుగు రోజులు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు.

అది ఏదో ఒక జీపు కాదని ఆమెకు చెప్పడం ఎలా? బాలరాజు పదిహేనేళ్లప్పుడు బడి నుంచి వస్తూ పోలీసు స్టేషన్ ముందు ఆగేవాడు. నీలం రంగు జీపు అప్పుడే కొత్తగా వచ్చింది. డ్రైవరు మంచి మనిషి. రేడియేటర్‌లో నీళ్లు పోసే పని ఇతనికి అప్పజెప్పి, బానెట్ ఎత్తినప్పుడల్లా ఇదేమిటో అదేమిటో వేలు పెట్టి చూపించేవాడు. బాలరాజు ఐటీఐలో చేరినా, నాలుగు రాళ్లు సంపాదిస్తున్నా, దానికి మొదటి పాఠం ఆ బానెట్ కిందే జరిగింది. వేలంలో టైర్లు నేలలోకి దిగి, సీట్ల మధ్య గడ్డి మొలిచిన బండిని నంబరు చూసి గుర్తుపట్టాడు. చిన్ననాటి స్నేహితుడు రోడ్డు పక్కన అడుక్కుంటూ కనిపిస్తే ఎట్లా ఉంటుంది? అట్లా అయింది అతనికి.

మౌలాలి దారిలో పెయింటర్ ఉమామహేశ్వర్ షెడ్డు ఉంది. జీపును అక్కడ పెట్టి పనిలోకి దిగాడు. తుప్పు తిన్న అడుగుభాగం కోసి కొత్త రేకు అతికించాడు. ఇంజను మొత్తం విప్పి, కడిగి, మళ్లీ బిగించాడు. బజారులో దొరకని బుష్‌ల్లాంటి చిన్న భాగాలు తనే లేతు మీద చేసుకున్నాడు. సెప్టెంబరులో ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలై, గనుల నుంచి బొగ్గు రాక, కరెంటు సగం రోజు ఉండకుండా పోయింది. ఊరంతా కరెంటు లేదని తిట్టుకుంటుంటే, మన టర్నరు మాత్రం లోలోపల సంతోషించాడు. లేతు ఆగితే జీపు పని సాగుతుంది మరి.

అన్నిటికంటే కష్టపడింది చప్పుడు కోసం. ఆ జీపు నిలబడి ఉన్నప్పుడు డగడగమని ఒక లయలో కొట్టుకునేది, మధ్యలో ఎక్కడో ఒక చిన్న గలగల. కాలనీ అవతలి నుంచి వస్తున్నా అదేనని చెప్పగలిగేవాడు. ఇంజను బాగైనా ఆ గలగల రాలేదు. మూడు ఆదివారాలు తిప్పలు పడి, సైలెన్సర్‌ను పట్టుకునే క్లాంపు ఒక నూలువాసి వదులుగా ఉండాలని కనిపెట్టాడు. అది పలికిన రోజు ఉమామహేశ్వర్‌ను కౌగిలించుకుని షెడ్డంతా తిప్పాడు.

ఉమామహేశ్వర్ పాత నీలమే వేశాడు, పక్కన తెల్లటి పోలీసు అక్షరాలు కూడా రాశాడు. రాసి గొణిగాడు.

"బాలన్నా, గిట్ల రోడ్డెక్కితే నిన్నే పట్టుకపోతరు. రంగు మార్సుడు తప్పది."

"పండుగ కానియ్యి, మారుస్తా. అక్క ఒక్కసారి దీన్ని అసలు రూపంల సూడాలె."

అక్క అంటే సాలమ్మ. అమ్మా నాన్నా పోయినప్పుడు ఏడేళ్ల తమ్ముణ్ని వెంటబెట్టుకుని ఆలేరు పక్కనుంచి ఇక్కడికి వచ్చింది. తమ్ముడి కంటే పదిహేనేళ్లు పెద్దది. ఉప్పల్ రింగురోడ్డు పక్కన గంప పెట్టుకుని, ఏ కాలం పండు ఆ కాలంలో అమ్మి అతన్ని చదివించింది. ఆమె భర్త కొమురెల్లి పోచారంలో వాచ్‌మన్. పిల్లలు లేరు. ఉన్నదంతా ఈ తమ్ముడే.

ఇంట్లో కొత్త బండి వస్తే ముందు ఆడబిడ్డ ఎక్కాలి. అది వాళ్ల ఆనవాయితీ. రాజ్‌దూత్ వచ్చినప్పుడు సాలమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, తమ్ముడి చొక్కా పిడికిట పట్టుకుని, చౌరస్తా దాకా పోయి వచ్చింది. ఇప్పుడు జీపు. దసరా నాడు బండికి పూజ చెయ్యాలి, అంతకుముందు అక్క ఎక్కాలి. బండి కొన్నానని చెప్పాడు గానీ ఏ బండో చెప్పలేదు. చూసి మురిసిపోవాలని బాలరాజు కోరిక. ఆ కోరికే కొంప ముంచింది.

దసరాకు ముందు రోజు, పొద్దున పది గంటలకు జీపు తీసుకుని రింగురోడ్డుకు బయలుదేరాడు. సీతాఫలాల కాలం. రోడ్డు పక్కన బారుగా గంపలు, వాటి పక్కన బంతిపూల కుప్పలు, గుమ్మడికాయలు. దూరం నుంచే అక్క ఎర్ర చీర కనిపించింది. బాలరాజు వేగం తగ్గించాడు. ఇంజను లయలోకి వచ్చింది. డగడగ, మధ్యలో గలగల.

మొదట ఒక ముసలామె తల ఎత్తింది. ఆమె తిరిగి చూడను కూడా చూడలేదు, గోనెపట్టా నాలుగు మూలలు కలిపి ముడేసింది. అంతే. గంపలు నెత్తికెక్కాయి, తోపుడు బండ్లు సందుల్లోకి మలుపు తిరిగాయి, కాటాలు కొంగుల్లోకి పోయాయి. ఎవరూ అరవలేదు, ఒకరికొకరు తగల్లేదు. జీపు అక్కడికి వచ్చేసరికి రోడ్డు పక్కన రెండు పగిలిన సీతాఫలాలూ కొంచెం బంతిరేకులూ తప్ప ఏమీ లేవు.

బాలరాజు స్టీరింగ్ పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. పోలీసులు గంపలవాళ్లను తరుముతారని తెలియనివాడా? తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. తెలిసినదాన్ని ఒక మూలన పెట్టి పైన గుడ్డ కప్పుకున్నాడు, మనందరం చేసే పనే. కానీ డ్రైవరు సీట్లోంచి చూడడం అదే మొదలు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఇంజను ఆపి దిగాడు. సందులోంచి సాలమ్మ తొంగిచూసింది. నెత్తి మీద గంప, ఆయాసం.

"నువ్వారా?" అంది.

"నేనే అక్కా. మన బండి."

ఆమె బండిని ముందునుంచి వెనకదాకా చూసింది. "దీన్నా కొన్నవ్? గీ సప్పుడు ఇనపడక మూడేండ్లాయె, నిమ్మలంగ ఉన్న. దీని పీడ పోయిందనుకున్న."

"నువ్వు ముందు ఎక్కాలె గదా అక్కా. రేపు పూజ."

"ఒక్కపారి ఎక్కిన. సాలు. నేనెక్క."

గంప దించి మళ్లీ తన చోటు సర్దుకోవడం మొదలుపెట్టింది. పక్కన బంతిపూలు అమ్మే మంగతాయారు, గుంటూరు వైపు నుంచి వచ్చి పదహారేళ్లుగా సాలమ్మ పక్కనే కూర్చునే మనిషి, ఆగలేకపోయింది.

"మీ అక్క ఎక్కింది నీ ఐటీఐ పరీక్ష రోజేనయ్యా. మా ఆరుగుర్నీ దీని వెనకాల ఎక్కించి తీసుకుపోయారు. సాయంత్రం దాకా స్టేషన్ వరండాలో కూర్చోబెట్టారు. మీ అక్క ఒళ్లో నీ టిఫిను క్యారియరు. తమ్ముడు ఆకలితో ఉంటాడని ఒకటే ఏడుపు."

"నువ్వు జర ఊకుంటవా?" అని సాలమ్మ కసిరింది.

బాలరాజుకు ఆ రోజు గుర్తుంది. ప్రాక్టికల్ పరీక్ష, మధ్యాహ్నం గేటు దగ్గర నిలబడి నిలబడి కాళ్లు లాగాయి. అన్నం తెస్తానన్న అక్క రాలేదు. ఇంటికి పోయి, బస్సు దొరకలేదని ఆమె చెబితే, వినకుండా అలిగి పడుకున్నాడు.

జీపు షెడ్డులో పెట్టి, సాయంత్రం ఎండ ఉండగానే అక్క ఇంటికి పోయాడు. సాలమ్మ గడపలో కూర్చుని సీతాఫలాలు ఒక్కొక్కటే వేలితో నొక్కి, రేపటికి పండేవి వేరు చేస్తోంది.

"ఆ నాడు అన్నం తేలేదని రెండొద్దులు నీతోటి మాట్లాడలే" అన్నాడు పక్కన కూర్చుని.

"రెండు గాదు, మూడు."

"గప్పుడే ఎందుకు జెప్పలేదక్కా?"

"జెప్తే ఏం జేస్తుంటివి? పోయి వాళ్లతోటి కొట్లాట పెట్టుకుంటుంటివి. లేకపోతే ఆ బండి మొకం సూడకపోతుంటివి." ఒక పండు తీసి పక్కన పెట్టింది. "నువ్వు దాంట్ల నీళ్లు పోసుడు నేను సూడలేదనుకున్నవా? రోజు సూసేదాన్ని. పొద్దుగాల నన్ను తరిమేది, సాయంత్రం నీకు పని నేర్పేది. పోరడు నేర్సుకుంటున్నడు గదా అని ఊకున్న."

బాలరాజు తల వంచుకుని ఏడ్చాడు. ముప్పైమూడేళ్ల మగవాడు గడప మీద కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తుంటే వాకిట్లో పోయేవాళ్లు చూశారు. చూడనీ అనుకున్నాడు.

"రేపే అమ్మేస్తా" అన్నాడు కాసేపటికి.

"అమ్ముడెందుకు? ఆరు నెల్లు కష్టపడ్డవ్. ఉంచుకో. కని నన్ను ఎక్కమనకు."

అక్క ఎక్కకపోతే పూజ లేదు. పూజ లేకపోతే ఆ బండి అతనికి ఎప్పటికీ తన ఇంటి బండి కాదు. షెడ్డుకు పోయి, సాండ్‌పేపరు తీసుకుని, తెల్ల అక్షరాలను తన చేత్తోనే గీకి తీసేశాడు. ముచ్చటపడి రాసిన ఉమామహేశ్వర్ అటు తిరిగి నిలబడ్డాడు. అక్షరాలు పోయాయి. నీలం మీద వేరే రంగు నాలుగు పూతలు వేసినా వేయొచ్చు. కానీ గంపలవాళ్లు చూసి లేచారా? విని లేచారు.

"క్లాంపు బిగిస్తే గలగలే పోతది, డగడగ పోదు. సైలెన్సర్ మారిస్తే అయిపాయె గదా" అన్నాడు ఉమామహేశ్వర్.

"రేపు పండుగ. ఎవరు దుకాణం తెరుస్తరు?" అన్నాడు బాలరాజు. ఆలోచించి, ఇంకో మాట అన్నాడు. "పొద్దుగాల నువ్వు జర నాతోటి రావాలె."

దసరా పొద్దున రింగురోడ్డు పక్కన బేరాలు జోరుగా ఉన్నాయి. జమ్మి కొమ్మలు కూడా వచ్చాయి. ఫర్లాంగు ఇవతల, మలుపు తిరగకముందే బాలరాజు ఇంజను ఆపేశాడు. దిగి, ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, భుజం ఆనించి తోయడం మొదలుపెట్టాడు. వెనక నుంచి ఉమామహేశ్వర్ తోశాడు. అతని పక్కన కొత్త పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపుకుని పూర్ణిమ. "ఇది కొన్ననాడే నాకు తెలుసు, నా నెత్తి మీదికే వస్తదని" అంటూనే తోసింది. ఇంజనుతో కలిపి జీపు బరువు తక్కువేమీ కాదు. ముగ్గురికీ చెమటలు కారిపోయాయి.

గంపల వరుస పక్కకు జీపు చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. ఎవరూ లేవలేదు. లేవడానికి బదులు నోళ్లు తెరుచుకుని చూశారు. ముందుగా మంగతాయారు నవ్వింది. ఆ నవ్వు అట్లా వరుస చివరిదాకా పోయింది.

"ఏందిరా, పోలీసు బండికి డీజిలు గూడ దిక్కులేదా?" అంది సాలమ్మ.

"ఉన్నది అక్కా." బాలరాజుకు ఊపిరి అందడం లేదు. "సప్పుడైతే లేస్తరని. మిమ్మల్ని లేపొద్దని తోసుకొచ్చిన. నువ్వు ఎక్కకున్నా సరే, గీ ముచ్చట జెప్పి పోదామని వచ్చిన."

సాలమ్మ అతని తడిసిన చొక్కా చూసింది. పూర్ణిమ కుచ్చిళ్లకంటిన మట్టి చూసింది. లేచి, కొంగుకు చేతులు తుడుచుకుంది. గంప మంగతాయారుకు అప్పజెప్పి జీపు దగ్గరికి వచ్చింది. బాలరాజు వెనక సీటు దులపబోయాడు.

"ఎనుక ఎట్లుంటదో నాకెర్కే" అంది. "ముందట కూసుంట."

ఇన్‌స్పెక్టరు కూర్చునే సీట్లో, కాళ్లు చాపుకుని, కొంగు భుజం చుట్టూ కప్పుకుని కూర్చుంది. పక్కన తమ్ముడు. వెనక మిగతా ఇద్దరు.

"తోసుకుంటనే ఇంటిదాక వస్తవా? బండి చాలూ జెయ్యి."

"లేస్తరు గదా అక్కా."

"జెయ్యిరా."

ఇంజను అందుకుంది. డగడగ, మధ్యలో గలగల. బారు పొడుగునా, చూస్తూ చూస్తూనే, తెలిసి తెలిసీ, చేతులు గంపల మీదికి పోయాయి. మొన్నటి ముసలామె గోనెపట్టా మూల పట్టుకుంది.

సాలమ్మ జీపులోంచి సగం బయటికి వంగి చెయ్యి ఊపింది.

"కూసోండ్రి, కూసోండ్రి! నేనే!"

చేతులు ఆగాయి. ముసలామె పట్టా వదిలేసింది. జీపు వాళ్ల పక్కనుంచి మెల్లగా పోతుంటే ప్రతి గంప దగ్గరా ఆమె అదే మాట అంటూ పోయింది, నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ. వరుస అయిపోయేదాకా ఆమె రెండో చెయ్యి తమ్ముడి చొక్కాను పిడికిట పట్టుకునే ఉంది.