కొండవైపు పడవ

మా అత్తగారు రోజూ మధ్యాహ్నం మూడింటికి గొడుగేసుకుని ఓడెక్కడానికి వస్తుంది. ఓడంటే నిజం ఓడ కాదు. రేవు పక్కన వాడకుండా వదిలేసిన గోదాములో, సిమెంటు నేల మీద నేను సుద్దముక్కతో గీసిన ఓడ. అసలుది ఎంత పొడవో ఇదీ అంతే, నూట డెబ్భై అడుగులు. ఆవిడ గొడుగు ముడిచి, గీత దగ్గర ఆగి, గడప దాటినట్టు కాలెత్తి లోపలికి అడుగేస్తుంది. నేను ఎక్కడ తలుపు గీశానో అక్కడినుంచే వెళ్తుంది తప్ప గోడ మీదుగా నడవదు. గీసిన నేనే మర్చిపోయి గోడల్లోంచి దూసుకుపోతుంటే, "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావే, అది గోడ!" అని కసురుతుంది.

నేను సర్వే ఆఫీసులో ముప్పయ్యేళ్ళు నక్షాలు గీసి రిటైరైనదాన్ని. ఊళ్ళో నన్ను ఓడమ్మ అంటారు, నా ఎదురుగా కాదులెండి. యుద్ధం రోజుల్లో మా రేవునుంచి బయల్దేరి, మైలున్నర కూడా దాటకుండా మునిగిపోయిన సరుకుల ఓడ మీద పుస్తకం రాస్తున్నాను. నీళ్ళలో పెట్టిన మందుపాతర తగిలి మునిగింది. అందులో ముప్పై నలుగురు వెళ్ళారు, ముగ్గురు బతికారు. రేవు ముందున్న రాతిపలక మీద ముప్పై పేర్లున్నాయి. ఎక్కని ఆ ఒక్క పేరు మా అత్తగారి నాన్నది. ఆయన ఆ ఓడకి సరంగు, ఖలాసీలందరి మీదా పెద్ద.

విచారణ కాగితాలు నేను చదివాను. బతికిన ముగ్గురూ కింద బాయిలర్లలో బొగ్గు వేసేవాళ్ళు. నీళ్ళలోకి దూకి చెక్కలు పట్టుకుని తేలుతుంటే, ఓడకి కొండవైపు నుంచి ఒక చిన్న పడవ దిగి వెళ్ళిపోవడం చూశామన్నారు. ప్రాణం మీదికి వస్తే వాడుకోవడానికి ఆ ఓడకి ఉన్నవి రెండే పడవలు, ఎడమన ఒకటి, కుడిన ఒకటి. రేవు దాటి సముద్రంలోకి వెళ్ళే ఓడకి మా కొండ ఎడమవైపున ఉంటుంది. ఎడమ పడవ సరంగు బాధ్యత. అధికారులకి ఆ మాత్రం చాలు. సరంగు అందరినీ వదిలేసి తన పడవలో పారిపోయాడని రాసేశారు. ఆ పడవ మళ్ళీ ఎవరికీ కనపడలేదు.

అప్పటికి మా అత్తగారికి ఏడేళ్ళు. బళ్ళో ఆవిడ పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదట. వాళ్ళమ్మ మాత్రం, "పారిపోతే పారిపోయాడు, బతికున్నాడుగా" అని కళ్ళు మూసేదాకా ఎదురుచూసింది. అలా ఆవిడకి ఒక్క నాన్న ఇద్దరైపోయాడు. పరువు పోగొట్టుకుని ఎక్కడో బతికున్న నాన్న ఒకడు, పరువుగా చచ్చిపోయిన నాన్న ఇంకొకడు. నేను పుస్తకం మొదలుపెట్టిన రోజున ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే.

"నేను పోయేలోపల ఏదో ఒకటి తేల్చవే. ఏదైనా పర్లేదు."

ఏదైనా పర్లేదన్నది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

నాకు ఈత రాదు. నీళ్ళు మోకాలు దాటితే గుండె దడ. నా బదులు దిగేది నీటికాకి. రేవులో పడవల అడుగులు బాగుచేసే గజ ఈతగాడు, ఎవరు పెట్టారో గానీ ఆ పేరుతో పిలిస్తేనే పలుకుతాడు. అడుగున అంతా బురదనీరు, తన చెయ్యి తనకే కనపడదు. అందుకని తడిమి తెలుసుకుంటాడు. బారకో ముడి వేసిన తాడు తీసుకెళ్ళి, చేతికేదైనా తగిలిన చోట గుడ్డపీలిక కడతాడు. పైకొచ్చాక ఆ తడితాడుని గోదాము నేలమీద పరిచి, ఒక్కో పీలికా పట్టుకుని చెబుతాడు.

"ఇది మెట్లమ్మా. ఇదొక గది, తలుపు ఊడిపోయింది. ఇది వంటపొయ్యి అనుకుంటా, లోపల పీతలు కాపురం పెట్టాయి."

అతను చెబుతాడు, నేను గీస్తాను. తాడు కింద కారిన నీళ్ళు ఆరేలోపు ఒక గది లేస్తుంది.

అలా మూడు నెలలు నేను సగం నీళ్ళకిందే బతికాను. పైకప్పు రేకుల కన్నాల్లోంచి ఎండ పడి, మధ్యాహ్నమంతా గదిలోంచి గదిలోకి మెల్లగా జరిగేది. బయట అలల చప్పుడు గోడల్లో తిరుగుతుండేది. అత్తగారు వంటగది గీతల మధ్య స్టూలు వేసుకుని, కాళ్ళు చాపితే పొయ్యికి తగులుతాయని ముడుచుకుని కూర్చునేది. "ఇక్కడే టీ తాగుండేవాడు" అనేది. తాగుండేవాడేమో అని నేనూ ఆ పక్కకి తిరిగి చూసేదాన్ని. మా మాటలు కూడా నీళ్ళలోంచి వచ్చినట్టు ఆలస్యంగా వినపడేవి. సాయంత్రం ఇంటికెళ్తే సొంతిల్లే ఎవరో గీసిపెట్టినట్టు ఉండేది. మా ఆయన టీవీ సౌండు పెంచితే గానీ నేను ఒడ్డున పడేదాన్ని కాదు.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. నీటికాకి ఎప్పుడూ ఎడమ, కుడి అనడు. కొండవైపు అంటాడు, ఇసుకవైపు అంటాడు. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఇసుకమేట, అతనికి అవే దిక్కులు. నేను చదువుకున్నదాన్ని కదా, వాటిని ఎడమ, కుడి అని దిద్దుకుని రాసుకునేదాన్ని. బయటికి వెళ్తూ మునిగిన ఓడకి ముక్కు సముద్రం వైపు కాక ఇంకెటుంటుంది? మొదటిరోజే సముద్రం వైపు తలుపు దగ్గర ముక్కు గీసి, పక్కన బాణం గుర్తు కూడా వేశాను. ఓడ రెండు కొసలూ బురదలో కూరుకుపోయి ఉన్నాయి కాబట్టి, కాదనడానికి ఎవరూ లేరు.

ఒకరోజు నీటికాకి తాడు పరిచి చెప్పాడు. "కొండవైపు పడవ లేదమ్మా. దాన్ని దించే ఇనుపచేతులు రెండూ బయటికి తిరిగి ఉన్నాయి. ఎవరో దించుకుని పోయారు."

ఇసుకవైపు ఇంకా చూడలేదు, అటంతా పాత వలలు చుట్టుకుని ఉన్నాయి. ఆగాల్సింది. కానీ కాగితాల్లో ఉన్నది నీళ్ళలోనూ దొరికిందన్న సంబరంలో నా నోరు ఊరుకోలేదు. మూడింటికి అత్తగారు రాగానే చేయి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాను. ఎడమ పడవ దిగిందని చెప్పాను.

ఆవిడ చాలాసేపు ఆ ఖాళీ చోటు చూసింది. "బతికాడన్నమాట" అంది. మొహం చిన్నపిల్ల మొహమైపోయింది. అంతలోనే కోపం ముంచుకొచ్చింది. "బతికుండి ఒక్కసారి రాలేదు చూశావా? ఒక్క ఉత్తరం ముక్క? అక్కడెవర్నో కట్టుకుని ఉంటాడు. నాకు చెల్లెళ్ళుంటారు. ముక్కు ఆయనదే వచ్చుంటుంది, పాపం, వాళ్ళకీ!"

ఆ వారమంతా ఇల్లు ఆ తెలియని చెల్లెళ్ళతో నిండిపోయింది. ఆవిడ తిట్టింది, నవ్వింది, రోజూ రెండు ముద్దలు ఎక్కువ తింది. మా ఆయన నన్ను కొత్తగా చూశాడు. నేనూ నన్ను చూసుకుని మురిశాను, దాచుకోవడం ఎందుకు.

ఎనిమిదో రోజు నీటికాకి నీళ్ళోడుతూ వచ్చి, ముక్కు దగ్గర నిలబడి తల గోక్కున్నాడు. "అమ్మా, మీ ఓడ వెనక్కి నడిచేదా?"

"ఏం?"

"ఈ కొస దగ్గర బురద తోడాను. ముక్కుండాల్సిన చోట ఫ్యానుంది. నీళ్ళు చిమ్మే పెద్ద ఫ్యాను."

నేను నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఫ్యాను ఉండేది ఓడ వెనక. నేను సుద్దముక్క పట్టుకుని నూట డెబ్భై అడుగులూ నడిచి అవతలి గోడ దగ్గరికి వెళ్ళాను. ఆ గోడ వెనక ఉన్నది మా ఊరు. అక్కడ ఊరికి ఎదురుగా నిలబడి చూస్తే, ఎడమన గీసినవన్నీ కుడికి వెళ్ళిపోయాయి. దెబ్బ తగిలాక ఓడని ఊరివైపు తిప్పారు. నీళ్ళలో ఉన్న ఆ ముగ్గురికీ అది తెలీదు. కొండవైపు దిగింది కుడి పడవ. విచారణ అధికారులు చేసిన పొరపాటే ఇన్నేళ్ళ తర్వాత నేనూ చేశాను.

రెండు రోజులు నీటికాకి వలలు కోసి ఇసుకవైపు చూశాడు. సరంగు పడవ, ఆ ఎడమది, అక్కడే ఉంది. ఒక కొస తాడు సగం వదిలి ఉంది, రెండో కొస ఇనుపచేతిలో ఇరుక్కుపోయింది. దాని పక్కన గొడ్డలి తగిలిందట అతని చేతికి. "చివరిదాకా ఎవరో పీకులాడారమ్మా" అన్నాడు.

మధ్యాహ్నం టీ తాగుతూ మా ఆయనకి చెప్పాను. ఆయన కప్పు పక్కన పెట్టేశాడు. "పుస్తకంలో రాసుకో. అమ్మకి చెప్పకు. ఎన్నాళ్ళుంటుంది ఆవిడ? చెల్లెళ్ళని ఉంచెయ్."

"మీ తాతయ్య పేరు రాతి మీద ఎక్కించాలంటే చెప్పకుండా ఎలా?"

"ఆ రాయి అన్నం తింటుందా? అమ్మ తింటోంది."

నాకు ఒళ్ళు మండింది. మండింది ఆయన మీద కాదు, నాక్కూడా అలాగే అనిపించినందుకు. ఆవిడ నవ్వు నేనే ఇచ్చాను, నేనే తీసుకోవాలి. ఆ పూట గోదాముకి వెళ్ళి, తడిగుడ్డతో ముక్కు దగ్గర బాణం తుడుస్తూ ఉన్నాను. మూడింటికి గొడుగు చప్పుడైంది.

"దాన్నెందుకు చెరుపుతున్నావు?"

చెప్పేశాను. ఫ్యాను గురించి, కొండ గురించి, ఇసుకవైపు పడవ గురించి. ఆవిడ అన్నీ విని, గదుల తలుపుల్లోంచి ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్ళి, పడవ గీసిన చోట నేలమీద కూర్చుంది.

"అది ఆయనేనా?"

"ఆయనేనని కాగితం మీద రాయలేను అత్తయ్యా. కానీ అది ఆయన పడవ. దించాల్సింది ఆయన."

"పారిపోలేదు."

"లేదు."

"చచ్చిపోయాడు."

"అవునత్తయ్యా."

ఆవిడ ఏడ్చింది. నాకూ ఆగలేదు. ఏడుపులోనే, "పది రోజులు బతికించావు కదే ఆయన్ని" అంది. నిష్ఠూరమో మెచ్చుకోలో నాకు తెలీలేదు, రెండూ నాకు తగినవే. కాసేపటికి కళ్ళు తుడుచుకుంది. "మరి ఆ కుడి పడవవాళ్ళ గురించి ఏం రాస్తావు?"

"పడవ దించారని."

"అంతే రాయి. ఇంకో ముక్క రాయకు. వాళ్ళకీ పిల్లలుంటారు."

సరేనన్నాను. ఎండ జరిగి మా దాకా వచ్చింది. ఆవిడ సుద్దగీత మీద వేలు ముందుకి జరుపుతూ, కొత్త ముక్కు వైపు, గోడ వైపు చూసింది.

"ఓడని ఎందుకు తిప్పారు?"

"మునిగేలోపల రేవుకి చేరుకుందామని అయ్యుంటుంది."

"అంటే ఇటే వస్తోంది."

"ఇటే."

ఆవిడ ఆ గోడని చూస్తూనే ఉంది. "నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ, రాలేదని తిట్టుకుంటున్నానే అమ్మాయ్. రోజూ తిట్టాను. నేను తిడుతున్నది ఇంటికొస్తున్న మనిషినా?"

సుద్దముక్క కింద పెట్టి, వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను.