ఈపొద్దు ఏం గడ్డ?

మాయన యతిరాజులుకి చెవుడు లేదు. కావాలంటే ఆయన్నే అడగండి, కాస్త గట్టిగా అడగండి. లోకంలో అందరికీ గొంతు తగ్గిపోయిందంట. టీవీ వాళ్ళకి, మనవరాలికి, మా రాయపురం పేట మొత్తానికి. నాకు మాత్రం తగ్గలా, అరిచీ అరిచీ పగిలిపోయింది.

చెవికి మిషన్ పెట్టుకోమంటే, "నేనేమన్నా ముసలోణ్ణా?" అంటాడు. డెబ్బై దాటిన బాలుడు. మెల్లిగా నలుగురిలో కూర్చోడం మానేసినాడు. పెళ్ళికి పోతే ఆకు ఎత్తకముందే చెప్పులు వెతుక్కుంటాడు. ఎవురేం అడిగినా ఒకటే తలూపుడు. ఆ తలూపుడుకే మా గడ్డల మండీలో చామగడ్డ అడిగినోళ్ళకి కందగడ్డ పోయింది.

"నాయనకి మతి పోతా ఉంది, ఇంక మండీకి పంపొద్దు" అన్నాడు మా కొడుకు మోహన్‌రాజ్. జన్మంతా గడ్డలమ్మిన మనిషిని ఇంట్లో మూల కూర్చోబెడితే గడ్డలాగే మొలకలొస్తాయి. నేను ఒప్పుకోలా. సరే, డాక్టరమ్మ చెప్పినట్టే చేద్దామని ఆడికి తీసకపోయినాం.

ఆయమ్మ మూతికి మాస్క్ వేసుకోని, దేవుడికి మొక్కుకున్నట్టు మెత్తగా అరవంలో అడిగింది. "ఇన్నిక్కి ఎన్న కిళమై?" ఈపొద్దు ఏం వారమని, మతి ఎట్టుండాదో చూసేదానికి. మాయన చెవిలో పడేటప్పటికి కిళమై కాస్తా కిళంగు అయింది. ఈపొద్దు ఏం గడ్డ? ఇంతకన్నా తెలిసిన ప్రశ్న ఆయన్ని ఎవురడుగుతారు?

"చామగడ్డ. సరుకు బాగుండాది, ఎన్ని మూటలు కావాల?" అన్నాడు.

మోహన్‌రాజ్ తల పట్టుకున్నాడు. నాకైతే ప్రాణం లేచొచ్చింది. "పోయింది మతి కాదమ్మా, చెవి" అని విడమరిచి చెప్పినా. డాక్టరమ్మ నవ్వలా. "చెవుడు చానా ఏళ్ళు పట్టించుకోకపోతే మతిమరుపు వచ్చే భయం ఎక్కువమ్మా. మాట వినపడక మనిషి ఒంటరైతే మెదడుకి పని తగ్గిపోతుంది" అంది. మోకాలికీ బోడిగుండుకీ ముడి పెట్టడానికి ఇంత చదువెందుకో అనుకున్నా.

"మిషన్ పెట్టించి మళ్ళీ అడగమను. సరిగ్గా చెప్తే నాయన మండీకి పోతాడు" అన్నా కొడుకుతో. వాడు సరేనన్నాడు.

మిషన్ వచ్చింది, శనగ్గింజంత. పెట్టంగానే ఫ్యాను చప్పుడికి ఉలిక్కిపడినాడు. తర్వాత నా గొంతు విని, "ఎందుకే అట్ట అరుస్తావు?" అన్నాడు. ఇన్నేళ్ళ నా చాకిరీకి దక్కిన మెప్పు అది.

డాక్టరమ్మ మళ్ళీ అంతే మెత్తగా అడిగింది. "ఇన్నిక్కి ఎన్న కిళమై?"

"కిళమై" అన్నాడు మాయన, అక్షరం పొల్లు పోకుండా. విన్నావా అన్నట్టు కొడుకుని చూసినా.

మాయన ఆడనే ఆగిపోయినాడు. గోడకేసి చూసినాడు, తన చేతులకేసి చూసుకున్నాడు. శుక్రవారమని నోటిదాకా వచ్చింది, మింగేసినా. భయమేసింది నాకు.

ఆయన నా పక్కకి వంగినాడు. ఇన్నేళ్ళూ ఇల్లెగిరిపోయేట్టు మాట్లాడిన మనిషి, నాకొక్కదానికే వినపడేట్టు అన్నాడు.

"అలివేలూ, పొద్దున్నించీ నేనూ నిన్ను అదే అడగాలనుకుంటా ఉండా."