కుక్కను చూసి అమ్మిన తుపాకి

మా అమ్మాయి డేలీన్ మొగుడు ట్రాయ్‌ని వదిలి మా ఇంటికొచ్చి ఏడు వారాలయింది. ట్రాయ్ ఆమె దగ్గరికి రాకూడదనీ, తుపాకి ముట్టకూడదనీ కోర్టు రాసిచ్చింది. షెరీఫ్ మనుషులు అతని మూడు తుపాకులూ పట్టుకుపోయారు. అతను పట్నంలో తుపాకుల కొట్టుకెళ్లి ఇంకోటి కొనబోతే, పేరు కంప్యూటర్లో కొట్టగానే కుదరదని తేలిందట. కొట్టాయన భార్య చర్చిలో నా చెవిన వేసింది. ఇంకొకరైతే హమ్మయ్య అనుకుందురు. నాకు మాత్రం, ఇక కొట్టు కాని చోట వెతుక్కుంటాడు అనిపించింది.

కొట్టు కాని చోటు మా ఊళ్లో అందరికీ తెలుసు. హాలిస్ దాణా కొట్టు గుమ్మం పక్క చెక్క బోర్డు. దాని మీద గడ్డిమోపులు, మేకపిల్లలు, ట్రాక్టర్ టైర్లు, వాటి మధ్య తుపాకులు. కొట్టు పెట్టినవాడు అమ్మితే కొనేవాడి పేరు చూడాలి. మామూలు మనిషి మామూలు మనిషికి అమ్మితే మా మిస్సోరి రాష్ట్రంలో ఏమీ చూడక్కర్లేదు. రోజూ పొద్దున్నే కోళ్ల మేత వంకతో వెళ్లి, కొత్త తుపాకి చీటీ కనిపిస్తే అక్కడే నిలబడి దాని మీది నంబరుకి ఫోన్ చేసేదాన్ని.

"కొనడానికొచ్చినవాడి పేరు అడుగుతారా?"

"ఎందుకమ్మా? వాడికి నేనేమైనా పిల్లనిస్తున్నానా?" అన్నాడొక ముసలాయన.

"ఎర్రజుట్టువాడొస్తే ఇవ్వకండి. పేరు ట్రాయ్."

"ఎర్రజుట్టువాళ్లు మా ఆవిడ వైపే పదిమంది ఉన్నారు. వాళ్లకివ్వాలంటే నాకూ భయమే లెండి" అని నవ్వి పెట్టేశాడు.

హాలిస్ విసుక్కున్నాడు. "వెర్లా, నా బేరాలు చెడగొడుతున్నావు. ఆ బోర్డు అందరిదీ."

"అందరిదీ అయితే నా చీటీ కూడా పెట్టనీ. పేరు అడిగి అమ్మండని రాస్తాను."

"అక్కడ అమ్మకం చీటీలే పెట్టాలి. నీ భయం ఎంతకిస్తావో చెప్పు, పెడదాం."

ఇంట్లోనూ నాకు స్థిమితం లేదు. మా ఆయన ఓరిన్‌కి వాళ్ల నాన్న ఇచ్చిన జింకల తుపాకి బట్టల అలమరలో ఉండేది. ట్రాయ్ తలుపు పగలగొట్టి దాన్నే తీసుకుంటేనో? డేలీనే మనసు బాగాలేనప్పుడు చూస్తేనో? తీసెయ్, తీసెయ్ అని రోజుకి మూడుసార్లు పోరుపెట్టాను. శనివారం మధ్యాహ్నం బయటినుంచి వచ్చి చేతులు కడుక్కుంటూ, "నీ పోరు తీరింది. హాలిస్ కొట్టు ముందు అమ్మేశాను" అన్నాడు.

"ఎవరికి?"

"మంచివాడికే."

"పేరు?"

"మొహం మీద పేరడిగితే నువ్వు దొంగవా అన్నట్టుంటుంది. మా నాన్న ఏనాడూ అడగలేదు."

"మరి మంచివాడని ఎలా తెలిసింది?"

"ట్రక్కులో వేటకుక్క ఉంది, నీలం చుక్కలది. నున్నగా మెరుస్తోంది, కూర్చోమంటే కూర్చుంటోంది. కుక్కను అలా పెంచుకునేవాడు చెడ్డవాడు కాడు. నలభై ఏళ్లుగా చూస్తున్నా."

బంగాళాదుంపలు చెక్కుతున్న డేలీన్ చేయి ఆగింది. "నాన్నా, దాని ఎడమ చెవి చివర చీలి ఉందా?"

"ఉంది. వేటలో రకూన్ కొరికిందట."

"అది వెండెల్ కుక్క."

వెండెల్ ట్రాయ్ పినతల్లి కొడుకు. ట్రాయ్ ఇప్పుడుంటున్నది అతనింట్లోనే. డేలీన్ పెళ్లి మమ్మల్ని పిలవకుండా కోర్టులో జరిగింది కాబట్టి ఆ వైపు వాళ్లెవరినీ మేం చూసి ఎరగం.

ఫోన్ చేస్తే షెరీఫ్ దగ్గరి డిప్యూటీ వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. "వెండెల్ మీద ఏ కేసూ లేదమ్మా. కొనుక్కోవచ్చు. మీ ఆయన అమ్మడమూ తప్పు కాదు. ట్రాయ్ చేతిలో ఎవరైనా చూస్తే తప్ప మేం పట్టుకోలేం."

"చూసేది ఎవరు బాబూ, మా అమ్మాయేగా?"

అతను పుస్తకం తెరిచాడు. తుపాకి మీది నంబరు అడిగితే ఓరిన్‌కి తెలియదు. చెక్క మడమ మీద వాళ్ల నాన్న చెక్కిన అక్షరాలు, ఆయన కుట్టిన తోలుపట్టా, అన్నీ చెప్పాడు. కొన్నవాడి మొహం ఎలా ఉందంటే, టోపీ పెట్టుకున్నాడన్నాడు.

సాయంత్రం డిప్యూటీ ఫోన్ చేశాడు. వెండెల్‌ని అడిగాడట. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఇంకెవరికో అమ్మేశానన్నాడట.

"ఎవరికట?"

"పేరు అడగలేదట."

పక్కనే నిలబడ్డ ఓరిన్ అది విన్నాడు. తల ఎత్తలేదు. అతన్ని ఏమనగలను? ఇంట్లోంచి తీసెయ్యమని పోరింది నేనే కదా. చీకటి పడకముందే డేలీన్ రెండు సంచులు సర్దుకుంది. ఓరిన్ తనే మోసుకెళ్లి కారులో పెట్టి, మా వాళ్లింటికి తీసుకెళ్లి దింపి వచ్చాడు. ఏ ఊరో ఇక్కడ రాయను.

సోమవారం మేతకి వెళ్తే హాలిస్ బస్తా భుజానికెత్తుకుంటూ అడిగాడు.

"ఏం వెర్లా, మీ అమ్మాయి కనబడటం లేదు. ఎక్కడికెళ్లింది? ఎన్నాళ్లుంటుంది?"

"ఈ బోర్డు దగ్గర ఎవరూ ఎవరినీ ఏమీ అడగరుగా" అన్నాను.

బోర్డు మీద కొత్త చీటీ ఉంది. అక్కడే నిలబడి ఫోన్ చేశాను.