మచ్చకు బొట్టు

పక్కింటి పారమ్మ మోసుకొచ్చిన కబురిది; ఆవిడకి పాలు పోసే మనిషి చెప్పిందట. దెబ్బలు తిన్న ఆడవాళ్లని ఆదుకునే సంస్థ వాళ్ల జీపు వీధి మొగలో ఆగిందట. కుంకుమ భరిణెతో ఇద్దరు ఆడవాళ్లు దిగారట. వరహాలు కుడిచేతి మీది మచ్చకి బొట్టు పెట్టి, మీటింగుకి రమ్మని పిలిచి, దాన్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని పోయారట. వరహాలు వైపు మాత్రం కన్నెత్తైనా చూడలేదట. మచ్చకున్న మర్యాద మనిషికి లేకపోయిందని పారమ్మ బుగ్గలు నొక్కుకుంటుంది.

వరహాలు అంట్లు తోముతున్న చెయ్యి తిప్పి చూసుకుంటుంది. నిజమే. మొగుడు అట్లకాడ కాల్చి పెట్టినచోట చర్మం నున్నగా ఉంది. సంస్థ వాళ్లు ఫోటో తీసి హాలు గోడకి పెద్దది చేసి తగిలించిన దగ్గర్నుంచీ ఆ మచ్చ నీలుగుతూనే ఉంది. పోతే పోయిందిలే అనుకుని వరహాలు గిన్నెలు కడిగి బోర్లిస్తుంది.

అన్నాలవేళకి జీపు మళ్లీ వస్తుంది. తీర్మానానికి అందరూ చెయ్యెత్తాలట, మచ్చకి చెయ్యి లేదట, అదీ సంగతి. చెయ్యొక్కటీ వస్తే చాలు, మిగతా మనిషి రాకపోయినా పర్వాలేదన్నారని డ్రైవరు నసుగుతాడు.

"సెయ్యొక్కర్తీ ఎక్కడికీ ఎల్లదు బావూ. నానూ వత్తాను" అంటుంది వరహాలు.

ఆమెకి చెప్పాల్సిన మాట ఒకటుంది. మొగుడి దగ్గర్నుంచి పారిపోయి వచ్చి సంస్థ వాళ్ల హోములో ఒక వేసవి తలదాచుకుంది. ఆ హోము తలుపుకి గడియ బయటే ఉంది. పొద్దుగూకగానే వార్డెను బయట గడియ వేసేస్తుంది, అంతా మీ భద్రత కోసమే అంటుంది. మొగుడూ అలాగే బయట గడియ వేసేవాడు, ఆ మాటే అనేవాడు. గడియని లోపలికి మార్చమని చెబుదామని వరహాలు నోరు విప్పినప్పుడల్లా, ముందు మీ కథ చెప్పమ్మా అంటారు. కథ అయ్యేసరికి టీలొస్తాయి. గడియ బయటే ఉంటుంది.

హాల్లో మచ్చ వేదిక మీద శాలువా కప్పుకుని కూర్చుంది. బొట్టు ఆరింది. ఎవరేమన్నా తలూపుతోంది, తల లేదు గాని ఊపడం బాగా నేర్చింది. ఏడుపు ఫ్లాస్కులో సిద్ధంగా ఉంది. అటెండరు పేపరు కప్పుల్లో తలా కాస్త పోస్తాడు, కమిటీ వాళ్లు కళ్లకి అద్దుకుని, చాలు చాలు అంటారు.

వరహాలు "తలుపు" అంటుంది. ఆమెకీ కమిటీకీ మధ్యనున్న బల్ల పొడుగ్గా సాగుతుంది. "గడియ" అంటుంది. ఇంకా సాగుతుంది. అవతలి కొసన డైరెక్టరు ఇందుమతిగారు బఠాణీగింజంత అయిపోతుంది. గొంతు మాత్రం బెల్లం పూసుకుని దగ్గరగానే వినిపిస్తుంది. హోము తలుపుకి బయట రెండో గడియ కూడా పెట్టాలన్నది ఇవాళ్టి తీర్మానం. అదీ బాధితుల సూచన మేరకేనట.

"మీ మచ్చ ఒప్పేసుకుంది వరహాలుగారూ. మీరు చెయ్యెత్తితే అయిపోతుంది."

"అది నాది కాదమ్మా. నా మొగుడు ఎట్టింది. ఆడి మాటే సెప్తాది."

మచ్చ మొదటిసారి తలూపడం మానేస్తుంది.

ఇందుమతిగారు నొచ్చుకున్నట్టు నవ్వుతుంది. మచ్చ కూడా మీది కాదంటే మిమ్మల్ని బాధితురాలని కమిటీ ఎలా నమ్మాలంటుంది. వరహాలు చెయ్యెత్తదు. తెచ్చి బల్ల మీద పెడుతుంది. బల్ల సాగడం ఆగి, ఉన్నపళాన మామూలు బల్లంత అయిపోతుంది.

చేతి మీది నున్నటి చోట ముందు ఒక గీత లేస్తుంది. తర్వాత గడప, పసుపు రాసి ఉంది. ఆపైన ద్వారబంధం, అగ్గిపెట్టంత తలుపు. లోపల గిన్నెల చప్పుడు. ఎవరో ఎవరికో చిక్కు తీస్తూ తిడుతున్నారు, ఎవరో పకపకా నవ్వుతున్నారు.

వార్డెను ఆయాసపడుతూ లోపలికొస్తుంది. హోములో ఒక్క ఆడమనిషీ లేదట. మీటింగని పగలే వేసిన గడియ వేసినట్టే ఉందట. ఆ నవ్వు విని, ఆ గొంతులన్నీ హోములోవేనని నోరు నొక్కుకుంటుంది.

ఇందుమతిగారు వంగి, తలుపు మీద గోరుతో గడియ కోసం తడుముతుంది. పైన, కింద, పక్కన. అంతా చెక్కే. తలుపు తడుతుంది. లోపల నవ్వు ఆగదు. కమిటీ వాళ్లు ఒక్కొక్కరే చెప్పులు విడిచి ఆ చెయ్యి ముందు వరస కడతారు. మచ్చ శాలువా సర్దుకుంటూ అందరికన్నా వెనక నిలబడుతుంది.

"తియ్యమని చెప్పండి వరహాలుగారూ. మేం ఆదుకునేవాళ్లమే కదా."

"గడియ లోపలుందమ్మా. తియ్యాలో వద్దో ఆళ్లిట్టం."