కనబడని కుట్లు

“హారతీ, కాస్త కుట్లు వేసెయ్.”

ఇంట్లో “కాస్త కాఫీ పెట్టు” అనే గొంతే అది. రాజమండ్రిలోని మా పళ్ల ఆసుపత్రికి వచ్చేవాళ్లకి మా ఆయన శివరామకృష్ణ ‘డాక్టరు గారు’. చిగుళ్ల వైద్యంలో పైచదువు చదివిన నేను ‘మేడమ్ గారు’. ఆయన పని చేస్తుంటే ఉమ్మి లాగే గొట్టం పట్టుకోవడం, ఆయన లేచి వెళ్లాక చిరిగింది కుట్టడం నా వంతు.

రావులపాలెం మార్కెట్లో అరటి వ్యాపారం చేసే సత్యవాణికి గెల తగిలి ముందు పన్ను విరిగింది. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకునేది. “చిగురు కోసి ఎముకలో ఇంప్లాంట్ మర బిగించేద్దాం, అరగంట పని,” అన్నారు మా ఆయన. ముందు పన్ను దగ్గర చిగురు పైకి జారిపోయిందంటే మళ్లీ కిందికి రప్పించడం కష్టం. ఎంత ఖరీదైన పన్ను పెట్టినా పొడుగ్గా, పెట్టుడు పన్నులాగే కనిపిస్తుంది. “కోయకుండా నేను చేస్తానండీ,” అన్నాను. “నీకు చాదస్తం ఎక్కువ. సరే, కానీ,” అని ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయారు.

విరిగిన పంటి వేరును ముక్కలు చేసి, చిగురు చిట్లకుండా ఒక్కొక్కటే తీసి, ఇంప్లాంట్ దింపాను. అంగిలి నుంచి చిన్న పొర తీసి పెదవి వైపు చిగురు లోపల పెట్టి కుట్టాను. చిగురు కుంగిపోకుండా ఆ రోజే తాత్కాలికంగా ఒక పన్ను ఆనించాను. నెలలు గడిచాక అసలు పన్ను బిగించినప్పుడు, ఏది పెట్టుడుదో నేనే ఒక క్షణం వెతుక్కున్నాను. చిగురు పని బాగా కుదిరితే అక్కడ పని జరిగినట్టే తెలీదు. తుడిచిన పొయ్యిగట్టూ, మడతపెట్టిన బట్టలూ అంతే కదా, చెయ్యని రోజునే కనబడతాయి.

అద్దంలో చూసుకుని సత్యవాణి కొంగు వదిలేసి నవ్వింది. నాకు భలే సంతోషమేసింది. అప్పుడే గదిలోకి వచ్చిన మా ఆయనకు ఆమె చేతులు జోడించింది.

“మీ హస్తవాసి గొప్పదండీ డాక్టరు గారూ!”

“మా ఆవిడ కూడా కాస్త సాయం చేసింది లెండి,” అన్నారాయన.

ఒళ్లు మండింది. ఇంటికెళ్లి వంట చేశాను. ఆయన తిన్న కంచం సింకులో పెట్టి, “చూశావా, నీకెంత సాయం చేస్తున్నానో!” అన్నారు.

మర్నాడు కుర్చీలో జ్ఞానప్రకాశం మాస్టారు, విరిగిన ముందు పన్నుతో. మా ఆయన చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆయన స్టూలు మీద నేను కూర్చుని ఉన్నాను.

“నమస్కారమండీ మాస్టారూ. నేను డాక్టర్ హారతిని. మీ పన్ను నేనే పెడుతున్నాను.”

“మరి నేను?” అన్నారు మా ఆయన.

కాఫీ పెట్టమని అడిగే గొంతుతోనే అన్నాను.

“మీరు కాస్త ఆ గొట్టం పట్టుకోండి.”