లక్ష్మీప్రియ పేరున్న షెడ్డు

సంగటి కెలుకుతున్న లక్ష్మీప్రియ ముందు భర్త శివకుమార్ కాగితాలు పెట్టాడు.

“చేతులు తుడుచుకోని సంతకం పెట్టు. షెడ్డు కుప్పానికి మారస్తాండాం.”

“యాల?”

“ఆడ మిషన్లు పెడతాం. దుడ్డు పెట్టేదానికి బెంగళూరు పార్టీ ఒప్పుకునిండాడు. ఈ నలభైమంది ఆడోళ్లతో పొద్దస్తమానం రచ్చ ఎవుడు పడతాడు?”

“చెప్పింది చెయ్యమ్మా. యాపారం మగోళ్లు సూసుకుంటారు,” అంది అత్త బయ్యమ్మ.

పుంగనూరు పక్కనున్న ఆ చింతపండు షెడ్డు లక్ష్మీప్రియ పేరు మీదే ఉంది. ఆడవాళ్ల పేరుతో పెడితే రాయితీ ఎక్కువని ఏడేళ్ల కింద శివకుమారే రాయించాడు. ఆఫీసర్లు తనిఖీకి వచ్చిన రోజు ఆమె పట్టుచీర కట్టుకుని యజమాని కుర్చీలో కూర్చునేది. జీపు మలుపు తిరగగానే లేచి వాళ్లు తాగిన గ్లాసులు కడిగేది. ఏ పండు ఏడాదిపాటు నల్లబడకుండా నిలుస్తుందో కొరికి చెప్పేది ఆమె. గింజ తీసే ఆడవాళ్లకు పని నేర్పిందీ ఆమే. మదనపల్లెలో వ్యాపారులు శాలువా కప్పింది మాత్రం శివకుమార్‌కి. ‘మా ఆవిడకు ఇంటిపని తప్ప ఏమీ తెలీదు’ అని అతను మైకులో నవ్వాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఆ నవ్వు ఆమెకు ఇప్పటికీ మింగుడుపడదు. షెడ్డు రాకముందు ఊరి ఆడవాళ్లు తెల్లారకముందే ఆటోల్లో కుక్కుకుని టమాటా తోటల్లో కూలికి పోయేవాళ్లు. ఇప్పుడు షెడ్డు ఎదురుగా టీకొట్టు, బట్టలంగడి వెలిశాయి. గింజ తీసే రెడ్డెమ్మ తన కూతుర్ని డిగ్రీలో చేర్చింది. షెడ్డు పోతే వీళ్లంతా ఏమవుతారని శివకుమార్ ఎవరినీ అడగలేదు. ఆమెను అసలే అడగలేదు.

పొయ్యి ఆపి కాగితాలు తీసుకుంది. ఇన్నాళ్లూ అతను వేలు చూపిన చోట సంతకం పెట్టడమే అలవాటు. ఈసారి ఆఖరి పేజీదాకా చదివింది.

“సదివేదానికేముండాది? పెట్టు.”

“పెట్టను.”

“ఏందీ? పట్టుచీర కట్టి కూసోబెడితే నిజంగానే ఓనరమ్మననుకునిండావా?”

“నేననుకోలా. ఈడ రాసుండాది.”

బయ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“బెంగళూరోళ్లకి మాటిచ్చిండాను. వాళ్లకేం చెప్పాల నేను?”

“ఇచ్చింది నువ్వు. నువ్వే పో. కుప్పానికి పొద్దున్నించే బస్సులుండాయి. షెడ్డు ఈడే ఉంటాది,” అంది లక్ష్మీప్రియ.