వయసు గట్టిగా చెప్పండి

అరవై అయిదు దాటినవాళ్ల బ్యాంకు ఖాతాకు ఏ రుసుమూ తీసుకోకూడదని చట్టం ఉంది. ఆ సంగతి రాసిన కాగితాన్ని బ్యాంకువాళ్లు పూలకుండీ వెనక అంటించారు. ఖాతా ఉన్న మనిషి స్వయంగా వచ్చి అడిగితేనే వర్తిస్తుందట. మా ఆయనకు డెబ్భై ఒకటి. నెలనెలా వాళ్లు కోసుకుంటూనే ఉన్నారు, ఈయన అడగనే అడగడు.

"అడిగితే వయసు చెప్పాలి కదే," అంటాడు.

మాది రెండు కుర్చీల సెలూన్. తువ్వాళ్లు ఉతకడం, నేల ఊడవడం, డబ్బు తీసుకోవడం నా పని. ఆయన తన జుట్టుకు తనే రంగు వేసుకుంటూ యాభై తొమ్మిది దగ్గరే ఆగిపోయాడు. కత్తి పట్టే చెయ్యి ముసలిదని తెలిస్తే గొంతు ఎవరు అప్పగిస్తారని ఆయన భయం. నాకు ఒళ్లు మండిపోయింది.

"హక్కుగా రావలసింది వాళ్లకి దానం చేస్తారా?" అని బ్యాంకుకు లాక్కెళ్లాను.

పెద్దవాళ్లకు వేరే వరస ఉంది. ఆయన అద్దం కన్నం దగ్గర వంగి ఏదో గొణిగాడు.

"వినపడట్లేదండీ, గట్టిగా చెప్పండి!" అంది కౌంటరులో ఉన్నావిడ. మళ్లీ గొణిగాడు. ఆవిడ హాలంతా వినపడేలా అరిచింది. "డెబ్భై ఒకటా! అస్సలు అలా కనపడరే!"

సరిగ్గా మా వెనకే, మా షాపుకు ఏళ్ల తరబడి వచ్చే కాంట్రాక్టరు నిలబడి ఉన్నాడు. చెవులు రిక్కించాడు. అది చాలదన్నట్టు మేనేజరు బయటికొచ్చి, "పోనీలే పాపం, పెద్దవాళ్లు, మాఫీ చేసేద్దాం," అన్నాడు. జాలిట! చట్టం వాళ్ల తాత సొమ్మయినట్టు!

"మాఫీ ఏమిటండీ? అది మా హక్కు," అన్నాను. ఖాతా ఉచితమైంది. మా ఆయన దారి పొడుగునా నాకు పది అడుగులు ముందే నడిచాడు.

మర్నాడు కాంట్రాక్టరు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎప్పుడూ జుట్టుకు రంగు, తర్వాత గడ్డం.

"ఇవాళ రంగు ఒక్కటే వెయ్యవోయ్. గడ్డం ఇంట్లో చేసుకుంటాలే," అన్నాడు, అద్దంలోకి చూడకుండా.

బెంచీ మీద ఎదురుచూస్తున్న ఇద్దరూ తలలెత్తారు. మా ఆయన కత్తి మడిచి సొరుగులో పెట్టేశాడు. ఇన్నేళ్లలో ఆ చేతి కింద ఎవరికీ ఒక్క గాటు పడింది లేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అయ్యా, మీ వయసెంతండీ?" అన్నాను.

"ఎందుకమ్మా?"

"నిన్న బ్యాంకులో పెద్దవాళ్ల వరసలో మా వెనకే నిలబడ్డారుగా. ఇవాళ్టి నుంచి మా షాపులోనూ పెద్దవాళ్లకి సగం ధరే. గట్టిగా చెప్పండి, బెంచీ మీదవాళ్లకీ వినపడాలి."

కాంట్రాక్టరు ముఖం మాడిపోయింది. "ఊరుకోవే," అన్నాడు మా ఆయన. నేను ఊరుకోలేదు. చీపురు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. కాసేపటికి కాంట్రాక్టరు వయసు చెప్పకుండానే తల వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తాడు.

"సరే, కానివ్వవోయ్."

మా ఆయన సొరుగు తెరిచాడు. కత్తి ఆ గొంతు మీద ఎప్పటిలాగే నున్నగా సాగింది.

వెళ్లేటప్పుడు కాంట్రాక్టరు పూర్తి ధర నా చేతిలో పెట్టాడు. అందులో సగం ఆయనకు తిరిగి రావాలి. వయసు చెప్పి అడిగితే ఇచ్చేదాన్నే.